పొలమారడం లేదంటే మింగుడు బాగున్నట్టేనా? గొంతు క్యాన్సర్ చికిత్స అయ్యాక ఏం జరుగుతుంది

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాన్నగారికి 61 ఏళ్లు. స్వరపేటిక పైభాగంలో గడ్డ, మెడలో ఒక గ్రంథి, స్టేజ్ 3. 35 రేడియేషన్లు, వాటితోపాటు వారం వారం సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు. అన్నీ అయిపోయి తొమ్మిది వారాలైంది. తిండి పంపే ముక్కు గొట్టం ఇంకా ఉంది. నోటితో నీళ్లు, పల్చటి మజ్జిగ మాత్రం తాగుతున్నారు. "పొలమారడం లేదు కాబట్టి మింగుడు బాగానే ఉన్నట్టుంది, మిగతాది దానంతట అదే వస్తుందని ఆసుపత్రిలో చెప్పారు" అని రాశారు. ఎన్నాళ్లు బతుకుతారు, ఎప్పుడు అన్నం తింటారు, పక్క బెడ్ పెద్దాయనలాగా స్వరపేటిక తీయించేసి ఉంటే బాగుండేదా అని అడిగారు. చివర్లో నాన్నగారి తరఫున ఆవకాయ గురించి కూడా.

నేను డాక్టర్‌ని కాదు. స్పీచ్ థెరపిస్టుని. పదిహేడేళ్లుగా నా పనిలో ఎక్కువ భాగం మాటలతో కాదు, గుటకలతోనే. మందులు, స్కాన్లు, ఆపరేషన్ల విషయంలో మీ ఆంకాలజిస్ట్ మాటే ఫైనల్. మింగుడు సంగతి మాత్రం నేను గట్టిగానే చెప్తాను.

ముందు ఆ పొలమారడం విషయం తేల్చేద్దాం, ఎందుకంటే అది వాయిదా వేసేది కాదు. మన ఇళ్లలో ఎవరికైనా పొలమారితే నెత్తి మీద తట్టి, "ఎవరో తలుచుకుంటున్నారు" అని నవ్వేసి ఊరుకుంటాం. నిజానికి పొలమారడం గొంతు చేసే కాపలా పని. తిండో నీళ్లో దారి తప్పి శ్వాసనాళం వైపు వెళ్తే, లోపలి పొర దాన్ని పసిగట్టి దగ్గు తెప్పించి బయటికి తోస్తుంది. రేడియేషన్ తర్వాత ఆ పొర మొద్దుబారిపోవచ్చు. అప్పుడు నీళ్లు ఊపిరితిత్తుల్లోకి జారుతున్నా దగ్గు రాదు. మనిషి హాయిగా తాగుతున్నట్టే కనిపిస్తాడు. గ్లాసు నీళ్లు గటగటా తాగేసి నా వైపు చూసి నవ్విన మనిషికి, పక్క గదిలో ఎక్స్‌రే వీడియో తీస్తే ప్రతి గుటకలోనూ కొంత శ్వాసనాళంలోకి పోతూ కనిపించడం నేను చాలాసార్లు చూశాను. కాబట్టి మీ నాన్నగారికి పొలమారకపోవడం శుభవార్త కావచ్చు, కాకపోనూ వచ్చు. చూస్తే తప్ప తెలియదు.

అందులోనూ ఆయన తాగుతున్నవి నీళ్లు, మజ్జిగ. ఒంట్లో బాగాలేనివాళ్లకు పల్చటివి తేలిక అని మన నమ్మకం. కడుపుకు తేలికే, గొంతుకు కాదు. పల్చటివి వేగంగా జారతాయి. స్వరపేటిక మూసుకునేలోపే అవి అక్కడికి చేరిపోతాయి. నెమ్మదిగా కదిలే చిక్కటి జావ చాలామందికి నీళ్ల కన్నా భద్రం. అలాగని ఈ రాత్రే అన్నీ చిక్కగా చేసి పెట్టేయకండి. కొందరికి సరిగ్గా దీనికి ఎదురు, చిక్కటిది గొంతులోనే నిలిచిపోయి తర్వాత మెల్లగా లోపలికి జారుతుంది. ఎవరిది ఏ రకమో పరీక్షలోనే తేలుతుంది.

పరీక్షలు రెండు. ఒకటి, ఎక్స్‌రేలో కనిపించే బేరియం అనే మందు కలిపిన నీళ్లు, జావ, బిస్కెట్ ముక్క మింగిస్తూ తీసే ఎక్స్‌రే వీడియో. రెండోది, ముక్కులోంచి సన్నని కెమెరా దింపి గొంతును పైనుంచి చూడటం. దీన్ని ఫీస్ (FEES) అంటారు. మామూలు "బేరియం స్వాలో" వేరు. అది ప్రధానంగా అన్నవాహిక కోసం తీసేది. రిపోర్టులో "నార్మల్" అని ఉంటే సంబరపడి వచ్చేవాళ్లు ఉంటారు, కానీ నేను అడిగిన ప్రశ్నకు అందులో జవాబే ఉండదు. పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల్లో, మెడికల్ కాలేజీల ఈఎన్‌టీ విభాగాల్లో అడగండి. థెరపిస్ట్‌కు ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందో లేదో కూడా చూసుకోండి. ఈలోపు గొంతు తడిగా గరగరలాడటం, తిన్న తర్వాత గొంతు మారడం, సాయంత్రం పూట జ్వరం, కారణం తెలియని ఆయాసం, కఫం పెరగడం, ఇవేవైనా కనిపిస్తే మాత్రం అపాయింట్‌మెంట్ తేదీ కోసం ఆగొద్దు.

ఇక ఆయుష్షు. ఒక మనిషి ఎన్నాళ్లు బతుకుతాడో ఎవరూ చెప్పలేరు. ఆయనలాంటి జబ్బు, ఆయనలాంటి చికిత్స ఉన్న గుంపులో ఏం జరిగిందో చెప్పగలం. స్వరపేటిక క్యాన్సర్ స్టేజ్ 3, 4 వాళ్ల మీద అమెరికాలో ఆర్‌టీఓజీ 91-11 అనే పెద్ద ట్రయల్ జరిగింది. 500 మందికి పైగా పాల్గొన్నారు. రేడియేషన్‌తోపాటే సిస్‌ప్లాటిన్ ఇచ్చిన గుంపులో అయిదేళ్ల తర్వాత బతికున్నవాళ్లు సుమారు 55 శాతం. అంటే సగానికి కాస్త పైన. మెడలో ఒక్క గ్రంథే ఉండటం, 35 రేడియేషన్లూ మధ్యలో ఆపకుండా పూర్తి చేయడం మీకు కలిసొచ్చే సంగతులు. గ్యాప్ పడ్డ ఒక్కో రోజుకూ గడ్డ అదుపులో ఉండే అవకాశం సుమారు ఒక శాతం చొప్పున తగ్గుతుందని లెక్క. పంట కోతలని, పెళ్లని, దూరమని మధ్యలో వారం మానేసేవాళ్లు మన దగ్గర తక్కువేమీ కాదు. మీరు మానలేదు.

ఇంటర్నెట్‌లో "గొంతు క్యాన్సర్‌లో 80 శాతం మంది బతుకుతారు" అని చదివానన్నారు. ఆ అంకె నిజమే కానీ మీది కాదు. అది హెచ్‌పీవీ వైరస్ వల్ల టాన్సిల్‌లో, నాలుక మొదట్లో వచ్చే క్యాన్సర్‌ది. 2010లో వచ్చిన అధ్యయనంలో ఆ వైరస్ ఉన్నవాళ్లలో మూడేళ్లకు 82 శాతం మంది బతికుంటే, లేనివాళ్లలో 57 శాతం. మన దగ్గర గొంతు క్యాన్సర్లలో ఎక్కువ భాగం బీడీ, చుట్ట, సిగరెట్, మందు వల్ల వచ్చేవే. స్వరపేటికలోనైతే హెచ్‌పీవీ పాత్ర ఇంకా తక్కువ. కాబట్టి ఆ 80ని మనసులోంచి తీసేయండి.

మళ్లీ వస్తే ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే వస్తుంది. అందుకే మొదటి ఏడాది నెలకో, రెండు మూడు నెలలకో రమ్మంటారు. తర్వాత తర్వాత గడువు పెంచుతారు. పెట్ స్కాన్ 12 వారాలకు రాశారని, "ఎందుకింత ఆలస్యం" అని మీకు టెన్షన్‌గా ఉందని తెలుస్తోంది. అది ఆలస్యం కాదు. ముందే తీస్తే రేడియేషన్ వాపు కూడా స్కాన్‌లో వెలుగుతుంది, అనవసరంగా భయపెడుతుంది. ఆగండి.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. మీరు ఆయుష్షును ఒక ప్రశ్నగా, మింగుడును ఇంకో ప్రశ్నగా అడిగారు. అందరూ అలాగే అడుగుతారు. మొదటిది ప్రాణం, రెండోది సౌకర్యం అన్నట్టు. నేనలా చూడను. ఇందాక చెప్పిన ట్రయల్‌నే పదేళ్ల తర్వాత మళ్లీ లెక్క చూశారు. కీమో, రేడియేషన్ కలిపి తీసుకున్న గుంపులో స్వరపేటిక నిలబడినవాళ్లు ఎక్కువే. కానీ క్యాన్సర్‌తో సంబంధం లేని మరణాలు కూడా ఆ గుంపులోనే ఎక్కువ, దాదాపు 31 శాతం. కేవలం రేడియేషన్ తీసుకున్నవాళ్లలో అది 17 శాతం. ఎందుకన్నది ఆ ట్రయల్ తేల్చలేదు. చాలామంది అనుమానం మాత్రం ఊపిరితిత్తుల్లోకి జారే తిండి మీదే. అమెరికాలోనే పెద్దవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా, మెడికేర్ రికార్డులు తిరగేస్తే, ఈ రకం చికిత్స తీసుకున్న పెద్దవయసు వాళ్లలో దాదాపు నాలుగో వంతు మందికి అయిదేళ్లలోపు ఆస్పిరేషన్ న్యుమోనియా, అంటే తిండో ఉమ్మో ఊపిరితిత్తుల్లోకి జారడం వల్ల వచ్చే న్యుమోనియా, వచ్చింది. వచ్చినవాళ్లలో మరణాలు కూడా ఎక్కువగా ఉన్నాయి. క్యాన్సర్‌ను గెలిచి గుటక దగ్గర ఓడిపోయినవాళ్లను నేను చూశాను. స్కాన్ క్లియర్ అని వచ్చాక ఇంట్లో స్వీట్లు పంచుతారు, మింగుడు సంగతి మరిచిపోతారు. ఆ రోజునుంచే నా పని మొదలవ్వాలి. నిజానికి అంతకు ముందే మొదలై ఉండాల్సింది.

పక్క బెడ్ పెద్దాయన విషయం. ఆయనకు స్వరపేటిక మొత్తం తీసేశారు కాబట్టి శ్వాస దారి, తిండి దారి పూర్తిగా వేరైపోయాయి. ఊపిరి మెడ కింది రంధ్రంలోంచి, తిండి నోట్లోంచి. పొలమారే దారే లేదు. అందుకే హాయిగా తింటున్నారు. దానికి బదులుగా మాట్లాడే గొంతు పోయింది. స్నానం చేసేటప్పుడు ఆ రంధ్రంలో నీళ్లు పడకుండా జీవితాంతం జాగ్రత్త పడాలి. వాళ్లలోనూ కొందరికి కుట్టిన చోట సన్నబడి ముద్ద దిగదు. 1991లో అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 332 మందిపై చేసిన ట్రయల్‌లో, మొదటే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలోనూ, కీమో తర్వాత రేడియేషన్ తీసుకున్నవాళ్లలోనూ రెండేళ్లకు బతికున్నవాళ్లు సమానం, 68 శాతం. రెండో గుంపులో మూడింట రెండు వంతుల మందికి స్వరపేటిక కూడా దక్కింది. మీ నిర్ణయం అలాంటి సాక్ష్యం మీద నిలబడ్డదే. గడ్డ మృదులాస్థిని తినేసి బయటికి వచ్చి ఉంటేనో, మొదటినుంచే స్వరపేటిక పనిచేయకుండా పోయి ఉంటేనో లెక్క వేరు, అప్పుడు ఆపరేషనే మంచిదంటారు. మీరు రాసినదాంట్లో అలాంటిదేం లేదు. ఆ పెద్దాయన వాళ్లు కనిపిస్తే మాత్రం ఒక మాట చెప్పండి. బెంగళూరులో డాక్టర్ విశాల్ రావు తయారు చేసిన "ఓం" అనే మాట్లాడే వాల్వ్ 50 రూపాయల్లో వస్తుందని అప్పట్లో పేపర్లలో వచ్చింది. విదేశీ వాల్వ్ వేలల్లో ఉంటుంది. వాళ్ల సర్జన్‌ను అడగమనండి.

గుటక ఎందుకు చెడుతుందో కాస్త చెప్పనివ్వండి, అప్పుడే వ్యాయామాల్లో పట్టుదల ఉంటుంది. మీ కంఠమణి మీద వేలు పెట్టి ఒకసారి ఉమ్మి మింగండి. అది పైకి, కాస్త ముందుకు లేచి మళ్లీ దిగుతుంది. ఆ ఒక్క సెకనులోపే ఊపిరి ఆగుతుంది, స్వరతంత్రులు మూసుకుంటాయి, పైన మూత వాలుతుంది, వెనకాల అన్నవాహిక ద్వారం తెరుచుకుంటుంది, నాలుక మొదలు వెనక్కి తోస్తుంది. రేడియేషన్ గడ్డను చంపుతూనే ఈ కండరాలను కూడా కాలుస్తుంది. మొదటి వారాల్లో పుండ్లు, నొప్పి. అవి మానుతున్నకొద్దీ లోపల కండరం నారలా గట్టిపడుతూ వస్తుంది. పుండు మానిందని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకునే సమయం, కండరం బిగుసుకోవడం మొదలయ్యే సమయం ఒకటే. మీరిప్పుడు సరిగ్గా అక్కడున్నారు. దానికి తోడు నోరు ఎండిపోవడం. లాలాజలం లేకపోతే ముద్ద జారదు, అంతే.

గొట్టం ఉంది కదా అని గొంతుకు పూర్తిగా సెలవిస్తే ఆ కండరాలు ఇంకా త్వరగా చచ్చుబడతాయి. చెయ్యి విరిగి కట్టు కట్టించుకున్నవాళ్లకు తెలుస్తుంది, కట్టు విప్పాక చెయ్యి సన్నబడి ఉంటుంది. హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ ఆసుపత్రివాళ్లు దాదాపు 500 మందిని గమనించి 2013లో రాశారు. రేడియేషన్ జరుగుతున్నప్పుడు కూడా నోటితో కొంతైనా తింటూ, మింగే వ్యాయామాలు చేసినవాళ్లు తర్వాత మామూలు తిండికి రావడం ఎక్కువ. రెండూ మానేసినవాళ్లు అందరికన్నా వెనకబడ్డారు. "దానంతట అదే వస్తుంది" అన్నవాళ్లు మంచి ఉద్దేశంతోనే అని ఉంటారు. నాకు మాత్రం ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది.

వ్యాయామాలు థెరపిస్ట్ చూసి ఎంచాలి. నేను చెప్పేది అవి ఎలా ఉంటాయో తెలియడానికే. ఒకటి, గట్టి గుటక. గొంతులో ఏదో పెద్ద మాత్ర ఇరుక్కున్నట్టు ఊహించుకుని, బలమంతా పెట్టి ఉమ్మి మింగడం. రెండోది, మింగేటప్పుడు కంఠమణి పైకి లేచిన చోటే రెండు మూడు సెకన్లు బిగించి పట్టుకోవడం. మొదట్లో ఎవరికీ కుదరదు, అద్దం ముందు కూర్చోబెట్టండి. నాలుక కొసను పళ్ల మధ్య పట్టుకుని మింగడం ఇంకోటి. ఇది ఉత్త ఉమ్మితోనే చేయాలి, నోట్లో తిండి ఉండగా ఎప్పుడూ చేయకూడదు. గడ్డం కింద మెత్తటి రబ్బరు బంతి పెట్టి గడ్డంతో నొక్కి పట్టడం మా దగ్గర తాతయ్యలకు బాగా నచ్చుతుంది. బహుశా మనవళ్ల బంతి లాక్కోవడంలో ఉన్న సరదా కావచ్చు. దవడ కూడా మరవొద్దు. ఆయన తన మూడు వేళ్లు నిలువుగా పళ్ల మధ్య పెట్టుకోగలగాలి. పట్టకపోతే దవడ బిగుస్తోందన్నమాట. ఐస్‌క్రీం పుల్లలు ఒకదానిమీద ఒకటి పేర్చి, వారానికో పుల్ల పెంచుతూ సాగదీయిస్తాం. ఇవన్నీ రోజుకు మూడుసార్లు, నెలల తరబడి. పది రోజులు చేసి ఫలితం లేదని మానేస్తే లాభం లేదు.

మెడకు కరెంటు పెట్టే మెషిన్ గురించి ఎవరైనా చెప్తే జాగ్రత్త. సెషన్‌కింత అని వసూలు చేస్తారు. రేడియేషన్ తర్వాత మింగలేనివాళ్లు 170 మంది మీద అమెరికాలో దాన్ని పరీక్షించారు, 2016లో ఫలితాలు వచ్చాయి. ఉత్తుత్తి మెషిన్ పెట్టి వ్యాయామం చేయించినవాళ్లకన్నా నిజం మెషిన్ పెట్టినవాళ్లకు ఏ లాభమూ కనిపించలేదు. ఆ డబ్బు గుడ్లకూ పాలకూ పెట్టండి.

నోటి శుభ్రం గురించి చెప్తే చిన్న విషయంలా ఉంటుంది, కాదు. ఉమ్మి ఎలాగూ కొంత లోపలికి జారుతుంది. అది మురికి నోటి ఉమ్మి అయితే న్యుమోనియా, శుభ్రమైన నోటిదైతే చాలాసార్లు ఏమీ కాదు. నోటితో తినకపోయినా రోజుకు రెండుసార్లు మెత్తటి బ్రష్, తిన్న ప్రతిసారీ కాస్త ఉప్పు, వంట సోడా కలిపిన గోరువెచ్చటి నీళ్లతో పుక్కిలించడం. పన్ను పీకించాల్సి వస్తే, రేడియేషన్ తీసుకున్న సంగతి డెంటిస్ట్‌కు చెప్పకుండా పీకించొద్దు. దవడ ఎముక మానక కుళ్లే ప్రమాదం ఏళ్ల తర్వాత కూడా ఉంటుంది. చుట్ట పూర్తిగా బంద్, ఇది వేరే చెప్పక్కర్లేదు.

తిండి. పరీక్షలో ఏ చిక్కదనం భద్రమో తేలాక అక్కడినుంచి మొదలుపెడతాం. సాధారణంగా చిక్కటి రాగి జావ, మెత్తగా మెదిపిన గట్టి పెరుగన్నం, ముద్దపప్పులో నెయ్యి వేసి చిదిపిన అన్నం, మిక్సీ వేసిన కూర. చాలామంది మొదట సాంబారులో నానబెట్టిన ఇడ్లీ పెడతారు. మెత్తగా ఉంటుంది కదా అని. అది కష్టమైన వాటిలో ఒకటి. ఇడ్లీ ముక్క నోట్లో ఉండగానే సాంబారు ముందుగా జారిపోతుంది. ఒకే గుటకలో రెండు రకాలు సంభాళించాలి. పల్చటి మజ్జిగన్నం, పాలలో బ్రెడ్డు కూడా అంతే. కలిపి ఒకే ముద్దగా చేస్తే ఇబ్బంది లేదు. ఉప్మా రవ్వ, ఉడికిన గుడ్డు పచ్చసొన, అటుకులు ఎండిన గొంతుకు అతుక్కుంటాయి. చపాతీ, మాంసం చివర్లో వస్తాయి. నిటారుగా కూర్చుని, టీవీ ఆపి, చిన్న చెంచాతో, ఒక్కో ముద్దకు రెండు గుటకలు. తిన్నాక అరగంట పడుకోకూడదు. పెట్టేవాళ్లు తొందర పెట్టొద్దు. ఇది అమ్మగారికి ప్రత్యేకంగా చెప్పండి.

గొట్టం ఎప్పుడు తీస్తారంటే, నోటితోనే సరిపడా తింటూ, బరువు తగ్గకుండా, ఛాతీలో కఫం చేరకుండా రెండు మూడు వారాలు గడిస్తే. తేదీ పెట్టుకుని తీసేది కాదు. ఇంకా నెలలు పట్టేలా ఉంటే ముక్కు గొట్టం బదులు పొట్ట గొట్టం గురించి అడగండి. గొంతులో రాపిడి తగ్గుతుంది, ముక్కులోంచి వేలాడేది లేకపోతే ఆయన వీధిలోకి వెళ్లడానికి సిగ్గుపడరు. ముద్ద అసలు కిందికి దిగకుండా ఒకే చోట ఆగుతుంటే అక్కడ దారి సన్నబడి ఉండొచ్చు. ఎండోస్కోపీలో సాగదీస్తారు, ఒక్కోసారి రెండు మూడుసార్లు.

ఏళ్ల తర్వాతి సంగతి ఒకటి. మింగుడు బాగుపడి, మామూలుగా తింటూ, అయిదో ఏటో పదో ఏటో మళ్లీ మెల్లగా చెడేవాళ్లు కొందరుంటారు. నరాలు, కండరాలు ఆలస్యంగా దెబ్బతినడం వల్ల. వయసు వల్ల అనుకుని వదిలేయొద్దు. వ్యాయామాలు తగ్గించినా పూర్తిగా మానొద్దనేది అందుకే. ఆరు నెలలకో, ఏడాదికో థైరాయిడ్ పరీక్ష కూడా చేయిస్తూ ఉండండి. మెడకు రేడియేషన్ తీసుకున్నవాళ్లలో అది తగ్గిపోవడం మామూలే, నీరసాన్ని జనం క్యాన్సర్ ఖాతాలో వేసేస్తారు.

ఆవకాయ సంగతి. నాన్నగారు అడిగారంటే రుచి కోరిక తిరిగొస్తోందన్నమాట, అది నాకు నచ్చింది. రుచి కొన్ని నెలల్లో చాలావరకు వస్తుంది, ఉప్పు, పులుపు, తీపి అన్నీ ఒకేసారి రావు. కారం మంట మాత్రం ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది, కొందరికి ఏడాది దాటుతుంది. పుండ్లు పూర్తిగా మానాక, పరీక్షలో గట్టి పెరుగన్నం భద్రమని తేలాక, ముక్క వద్దు, పిండి కడిగేసిన ఊట ఒక బొట్టు ఆ పెరుగన్నంలో కలిపి చూడండి. మా పేషెంట్లలో గుంటూరు వాళ్లు ఆ ఒక్క బొట్టు కోసం రోజుకు మూడు పూటలా బంతి నొక్కారు.